ఫ్లూతో మెదడు దెబ్బతిన్న పిల్లలకు వెన్నునీటి అంకె చూశాకే స్టెరాయిడా?

వానచినుకు:
1990ల చివర జపాన్‌ను కలవరపెట్టిన జబ్బు గురించి చదువుతున్నాను. ఫ్లూ జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే పసిపిల్లలకు ఫిట్స్ వచ్చి స్పృహ తప్పేది. జబ్బు విషమించిన పిల్లల వెన్నునీటిలో (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలో) ఇంటర్‌ల్యూకిన్-6 అనే, ఒంట్లో వాపును రేపే రసాయనం బాగా పెరిగి ఉండటం అక్కడి వైద్యులు గమనించారు. మరి ఆ అంకెను బట్టే వాపును అణిచే స్టెరాయిడ్ మందు ఇవ్వాలో వద్దో తేల్చుకోవచ్చు కదా?

పిల్లలవార్డు:
అంకె వచ్చేదాకా జబ్బు ఆగాలి కదండీ! చాలా ఆసుపత్రుల్లో ఆ పరీక్షే లేదు, నమూనా బయటికి పంపాలి. పైగా మెదడు బాగా వాచినప్పుడు వెన్నులో సూది గుచ్చితే ప్రాణం మీదికి రావచ్చు. మెదడు లోపలి భాగమైన థాలమస్ రెండువైపులా దెబ్బతినే రకంలో, మెదడు కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) బాగున్న పిల్లలకు 24 గంటల్లోపు స్టెరాయిడ్ పడితే మేలని జపాన్ వైద్యులే 2009లో రాశారు.

పరీక్షనాళిక:
అది పాత కేసుల రికార్డులు తిరగేసి చెప్పిన మాట, డాక్టరు గారూ. ఈ పిల్లల వెన్నునీరు ఎప్పుడైనా వెలుతురుకు ఎత్తి చూశారా? కొబ్బరినీళ్లలా తేటగా ఉంటుంది. తెల్లకణాలు పెరగవు, వైరస్ కూడా చాలాసార్లు దొరకదు. మెదడును పాడుచేసేది వైరస్ కంటే దాన్ని చూసి ఒళ్లు చేసే రభస. దాని జాడ ఈ రసాయనాల్లోనే దొరుకుతుంది. ఇంకో రకంలో బిడ్డ తేరుకున్నట్టే ఉండి, నాలుగైదు రోజులకు మళ్లీ ఫిట్స్ వస్తాయి. అక్కడ చూడాల్సింది నరకణాలు చితికితే బయటపడే టావ్ ప్రోటీన్. రెంటికీ ఒకే మందా?

పిల్లలవార్డు:
ఆ టావ్ మొదటి రోజు మామూలుగానే ఉండవచ్చు. పెరిగిందని తెలిసేసరికి రెండో విడత ఫిట్స్ కూడా అయిపోతాయి! థాలమస్ రకం సంగతి ఇంకా ఘోరం. 2023-25 మధ్య అమెరికాలో లెక్కకు వచ్చిన 41 మంది పిల్లల్లో 11 మంది చనిపోయారు. ఎక్కువమందికి అంతకుముందు చెప్పుకోదగ్గ జబ్బే లేదు. ఫ్లూ టీకా వేయించుకున్నవారు మాత్రం బహు కొద్దిమంది, దాని మీద వేరే చర్చ పెట్టాలి.

పరీక్షనాళిక:
మందు ఆపమని నేనెక్కడ అన్నాను? మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) కాదని తేల్చుకోవడానికి ఎలాగూ నీరు తీస్తారు. ఇంకో పది చుక్కలు వేరే గొట్టంలో పట్టి ఫ్రీజర్‌లో పెట్టించండి, అదీ స్టెరాయిడ్ ఎక్కించకముందే. తర్వాత తీసిన నీటిలో అంకె తక్కువుంటే, అది మందు చలవో జబ్బే తేలికో ఎవరు చెప్పగలరు?

పిల్లలవార్డు:
అంతవరకు సరే. స్కానులో వాపు కనిపిస్తే మాత్రం సూదీ లేదు, గొట్టమూ లేదు. మందే.