ప్రకటన వెలువడని ఉద్యోగాన్ని తెలిసినవారి ద్వారా ఎలా అడగాలి?

ప్రశ్న (జీడిమెట్ల ఎనలిస్టు):
ఎమ్మెస్సీ ఎనలిటికల్ కెమిస్ట్రీ చదివి, జీడిమెట్లలోని ఒక బల్క్ డ్రగ్ (మందులోని అసలు రసాయనం తయారుచేసే) కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో, 4 ఏళ్లుగా పనిచేస్తున్నాను. నాన్నగారి ఆరోగ్యం బాగుండకపోవడంతో, అనకాపల్లిలోని మా ఇంటికి దగ్గరగా ఉంటుందని పరవాడ ఫార్మా సిటీకి మారాలనుకుంటున్నాను. నాతో గతంలో పనిచేసిన సీనియర్ ఒకరు అక్కడే ఉన్నారు. తమ కంపెనీలో కొత్త బ్లాక్ సిద్ధమవుతోందని, ప్రకటన ఇంకా రాలేదని మాటల్లో చెప్పారు. ఆయనను ఇబ్బంది పెట్టకుండా క్యూసీ హెడ్ గారిని ఎలా సంప్రదించాలి? హెచ్‌ఆర్‌కు రెజ్యూమే పంపి ఊరుకోవడం మేలా?

జవాబు (క్యూసీ మేనేజరు):
ఉద్యోగం ఇప్పించమని మీ సీనియర్ గారిని అడగకండి, అది ఆయన చేతిలో లేని పని. బ్లాక్ ఎప్పుడు మొదలవుతుంది, ల్యాబుకు ఏ పరికరాలు వస్తున్నాయి, మనుషులను ఎంపిక చేసేది ఎవరు అన్నవి అడగండి. తన పేరు ప్రస్తావించవచ్చో లేదో విడిగా అనుమతి తీసుకోండి. ఆయన తటపటాయిస్తే అక్కడితో ఆపేయాలి, ఎందుకంటే మీరు చేరిన మూడు నెలలకే మానేస్తే మాట పడేది ఆయనే.

హెడ్ గారికి రాసే మెయిల్ నాలుగు వాక్యాలు దాటనక్కర్లేదు: ఎవరి ద్వారా తెలిసింది, హెచ్‌పీఎల్‌సీ, జీసీలలో (నమూనాలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్ర పరీక్షలు) ఏది స్వయంగా చేయగలరు, ఆడిట్ల సమయంలో ల్యాబులో ఉన్నారా, నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు. ఒక అభ్యర్థి తన పనితనం చూపడానికి పాత కంపెనీ క్రొమాటోగ్రామ్‌లను (ఆ పరీక్షల ఫలితాల గ్రాఫులను) జతచేసి పంపారు. పని బాగానే ఉంది గానీ, పైన బ్యాచ్ నంబరు స్పష్టంగా కనబడుతోంది. రేపు మా కాగితాలు కూడా ఇలాగే బయటికి పోతాయనిపించి ఆ ఫైలు మూసేశాను. దయచేసి ఆ పొరపాటు చేయకండి.

జవాబు (హెచ్‌ఆర్ ఉద్యోగిని):
మీరు ముందుగా హెచ్‌ఆర్‌కు పంపవద్దు. చాలా కంపెనీలలో, అభ్యర్థి వివరాలు అప్పటికే మా దగ్గర ఉంటే ఉద్యోగి చేసిన సిఫారసును లెక్కలోకి తీసుకోరు. మీ సీనియర్ గారు రెజ్యూమే అందజేసే అవకాశం ఉందేమో కనుక్కున్నాకే మిగతా దారులు చూడండి.

జవాబు (విశాఖ నుంచి):
ఒక్కరి మీదే ఆధారపడకండి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, పరిచయాల ద్వారా ఉద్యోగం పొందినవారిలో ఎక్కువమందికి ఆ కబురు అందించినవారు తరచుగా కలిసే మిత్రులు కారని, అప్పుడప్పుడు మాత్రమే కనబడేవారని తేలింది. మన రంగంలో అటువంటివారు హెచ్‌పీఎల్‌సీ సర్వీస్ ఇంజనీర్లు. పది ల్యాబులు తిరుగుతారు కాబట్టి, ఎక్కడ కొత్త యంత్రాలు దిగాయో అందరికంటే ముందు వారికే తెలుస్తుంది. మీ ల్యాబుకు వచ్చే ఇంజనీరు గారిని పలకరించండి, కానీ మీరు మారాలనుకుంటున్న సంగతి మీ మేనేజరు చెవిన పడకుండా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న సీనియర్ గారితో మాట్లాడాను. పేరు వాడుకోవడానికి సంతోషంగా ఒప్పుకున్నారు, రెజ్యూమే కూడా తానే ఇస్తానన్నారు. హెడ్ గారికి ఈ సోమవారం మెయిల్ రాస్తున్నాను.