కుర్చీ దిగాక రాసిన నిజానికి మార్కులు వేయాలా? ఇరాక్ యుద్ధం, మెక్‌క్లెలన్ పుస్తకం మీద చర్చ

గంటస్తంభం (విజయనగరం), చర్చ మొదలుపెట్టినవారు

పోయిన ఆదివారం మా పుస్తక మిత్రుల సమావేశంలో ఒక వాదన తేలలేదు. ఇక్కడైనా తేలుతుందేమోనని పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం సంగతి చెప్తాను. స్కాట్ మెక్‌క్లెలన్ అనే ఆయన 2003 జులై నుంచి 2006 దాకా అమెరికా అధ్యక్షుడు బుష్‌కి పత్రికా కార్యదర్శి. రోజూ మైకు ముందు నిలబడి, ఇరాక్ యుద్ధం మీద విలేకరులు వేసే ప్రశ్నలకు సర్కారు తరఫున జవాబు చెప్పే ఉద్యోగం. 2008 మే నెలాఖరులో ఆయన జ్ఞాపకాల పుస్తకం బయటికొచ్చింది. ఆ యుద్ధం అవసరమే లేదనీ, అనుమానాలన్నీ పక్కనపెట్టి ప్రచారంతో జనం చేత ఒప్పించారనీ రాశాడు. మనం చూసిన స్కాట్ ఇతను కాడంటూ వైట్‌హౌస్ నొచ్చుకుంది. యుద్ధాన్ని వ్యతిరేకించినవాళ్లు కూడా పెద్దగా చప్పట్లు కొట్టలేదు.

నేనూ కొట్టను. పెళ్లి భోజనం కడుపునిండా తిని, చెయ్యి కడుక్కున్నాక పప్పులో ఉప్పు లేదన్నట్టుంది. పుస్తకం వచ్చేసరికి అక్కడ చనిపోయిన అమెరికా సైనికులే 4,000 దాటారు. ఇరాకీలు ఎంతమంది పోయారన్నదాని మీద ఈ రోజుకీ ఒక్క అంకెకి అందరూ ఒప్పుకోరు. ఇంత జరిగాక వచ్చిన నిజానికి గౌరవం ఎందుకివ్వాలి? చెప్పండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మాస్టారూ, మీరు మనిషికి మార్కులు వేస్తున్నారు. నాకు ఆ మనిషితో పనిలేదు, కాగితంతో పని.

ముందు తేదీలు చూద్దాం. యుద్ధం మొదలైంది 2003 మార్చిలో. అప్పటికి ఆయన డిప్యూటీ మాత్రమే, పెద్ద కుర్చీ ఆరీ ఫ్లైషర్‌ది. ఆ రోజు రాజీనామా చేసి ఇంటికి పోయినా మర్నాడు పేపర్లో రెండు లైన్లు వచ్చేవి, అంతే. బుష్ టెక్సాస్ గవర్నర్‌గా ఉన్నప్పటి నుంచి పక్కనున్నవాడు, లోపల నడిచిన తీరు ఇదీ అని పేరు పెట్టి రాస్తే, బయట కూర్చుని మనలాంటివాళ్లు వెయ్యి వ్యాసాలు రాసినదానికంటే బరువుంటుంది. రాయకుండా నోరు మూసుకుని ఉంటే మీకు బాగుండేదా?

నెల్లిమర్ల కంట్రిబ్యూటర్

గట్టు అన్నా, ఆ కాగితం గురించే ఒక మాట. 2004 మార్చిలో రిచర్డ్ క్లార్క్ పుస్తకం వచ్చింది. ఆయన వైట్‌హౌస్‌లో ఉగ్రవాద నిరోధక విభాగం చూసినవాడు. అల్ ఖైదా గురించి హెచ్చరిస్తే పట్టించుకోలేదనీ, సెప్టెంబరు 11 దాడి జరిగిన వెంటనే ఇరాక్ లింకు వెతకమన్నారనీ రాశాడు. అప్పుడు మైకు ముందున్నది ఎవరు? ఇదే మెక్‌క్లెలన్. అంత బాధ ఉన్నవాడు అప్పుడే ఎందుకు చెప్పలేదు, ఎన్నికల ఏడాదిలోనే ఎందుకు గుర్తొచ్చింది అని ఆ రోజు అడిగాడు. నాలుగేళ్ల తర్వాత ఆయన పుస్తకం వస్తే విలేకరులు ఆ పాత వీడియో తీసి మళ్లీ మళ్లీ వేశారు.

నేను ఆయన్ని కొలవడానికి వేరే గజం బద్ద తేలేదు. ఆయన చేతిలోదే తీసుకున్నాను.

రిటైర్డ్ పౌరసంబంధాలు (విజయనగరం)

నేను సర్కారులో ప్రెస్ నోట్లు రాసే పనే చేసి రిటైరయ్యాను. ఈ ఉద్యోగం బయటికి కనపడేది ఒకటి, లోపల ఇంకొకటి. ఫైలు మన దగ్గరికి రాదు. మీటింగు అయ్యాక పై అధికారి పిలిచి నాలుగు పాయింట్లు చెప్తాడు. వాటిని వాక్యాలు చేసి విలేకరులకి ఇస్తాం. ఐదో పాయింటు ఉందా అని అడిగితే మర్నాటి నుంచి ఆ నాలుగు కూడా చెప్పరు. అధికార ప్రతినిధికి అన్నీ తెలుసని బయటివాళ్లు అనుకుంటారు. చాలాసార్లు ఆ గదిలో అందరికంటే తక్కువ తెలిసినవాడు వాడే.

మెక్‌క్లెలన్ విరిగింది కూడా సరిగ్గా అక్కడే, ఇరాక్ దగ్గర కాదు. సద్దాం అణుబాంబుకి పనికొచ్చే యురేనియం కోసం ఆఫ్రికాలో చూశాడని 2003 జనవరి ప్రసంగంలో బుష్ అన్నాడు. ఆ ఆఫ్రికా దేశం నైజర్ వెళ్లి విచారించి వచ్చిన మాజీ దౌత్యవేత్త జోసెఫ్ విల్సన్ ఆ సమాచారం నమ్మదగ్గది కాదని ఆ జులైలో పత్రికలో రాశాడు. వారం రోజులకల్లా ఆయన భార్య వాలెరీ ప్లేమ్ సీఐఏ ఉద్యోగి అన్న రహస్యం పేపర్‌కెక్కింది. దీంట్లో బుష్ సలహాదారు కార్ల్ రోవ్‌కి, ఉపాధ్యక్షుడు చెనీ దగ్గర పనిచేసే స్కూటర్ లిబ్బీకి సంబంధం లేదని మెక్‌క్లెలన్ మైకులో చెప్పాడు. వాళ్లిద్దరినీ అడిగే చెప్పాడు. ఇద్దరూ ఆమె గురించి విలేకరులతో మాట్లాడారని తర్వాత బయటపడింది. విచారణలో అబద్ధం చెప్పినందుకు 2007 మార్చిలో లిబ్బీకి నేరం రుజువైంది కూడా.

అంటే తన నోటితో తనకే తెలియని అబద్ధం చెప్పించారు. ఆ అవమానం ఎలా ఉంటుందో మైకు పట్టుకున్నవాడికే తెలుస్తుంది. దాని తర్వాత వెనక్కి తిరిగి చూస్తే యుద్ధం గురించి చెప్పినవి కూడా వేరేగా కనపడ్డాయి. ఇందులో దొంగబుద్ధి ఏముంది?

గంటస్తంభం

పెద్దవారు, మీ అనుభవానికి దండం. కానీ మీరు చెప్పినదాన్నిబట్టి చూస్తే ఆయనకి కోపం వచ్చింది తన పరువు పోయినందుకు. సైనికులు పోయినందుకు కాదు. నాకు ఇంకా తగ్గిపోయింది గౌరవం.

మైకు పట్టుకున్నవాడికి వేరే దారి లేదన్నట్టు మాట్లాడుతున్నారు. ఉంది. 1974లో ఫోర్డ్ అధ్యక్షుడయ్యాక జెరాల్డ్ టర్‌హోర్స్ట్‌ని పత్రికా కార్యదర్శిగా పెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి, వాటర్‌గేట్ కుంభకోణంలో దిగిపోయిన నిక్సన్‌కి ఫోర్డ్ క్షమాభిక్ష ఇచ్చాడు. దాన్ని నేను సమర్థించలేనని టర్‌హోర్స్ట్ అదే రోజు, సెప్టెంబరు 8న, రాజీనామా పారేశాడు. ఇరాక్ విషయానికే వస్తే బ్రిటన్‌లో రాబిన్ కుక్ మంత్రి పదవి వదులుకున్నది 2003 మార్చి 17న, యుద్ధానికి మూడు రోజుల ముందు. విదేశాంగ శాఖలో న్యాయ సలహాదారు ఎలిజబెత్ విల్మ్స్‌హర్స్ట్ ఈ యుద్ధం అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని రాసి వెళ్లిపోయింది. ఏథెన్స్‌లో అమెరికా దౌత్యవేత్త బ్రేడీ కీస్లింగ్ ఫిబ్రవరిలోనే మానేశాడు. వీళ్లెవరికీ ఐదేళ్లు పట్టలేదు.

నాగావళి గట్టు

వీళ్లందరికీ నేనూ దండం పెడతాను. కానీ యుద్ధం ఆగిందా? కుక్ మాట్లాడిన మర్నాడే బ్రిటన్ పార్లమెంటు 412కి 149 ఓట్లతో యుద్ధానికి సరే అంది. విల్మ్స్‌హర్స్ట్ రాజీనామా లేఖ జనానికి తెలిసిందే 2005లో.

ఆలస్యం సంగతి కూడా కాస్త లెక్కలో పెట్టండి. వియత్నాం యుద్ధాన్ని నడిపిన రక్షణ మంత్రి మెక్‌నమారా 1968లో దిగిపోయాడు, మేం ఘోరంగా తప్పు చేశామని పుస్తకం రాసింది 1995లో. 58,000 మంది అమెరికన్లు, లక్షల్లో వియత్నమీయులు పోయిన యుద్ధం అది. ఇరవై ఏడేళ్ల మౌనం. ఆయనతో పోలిస్తే మెక్‌క్లెలన్ చాలా తొందరగా నోరు తెరిచినట్టే.

బొబ్బిలి కుర్రాడు

ఇంత దూరం ఎందుకు వెళ్లారు అందరూ? 1757 జనవరిలో బుస్సీ ఫ్రెంచి సైన్యం బొబ్బిలి కోట మీద ఎందుకు పడింది? ఒక కారణం దొరల చరిత్రలో ఉంటుంది. మన జంగం కథల్లో ఇంకో కారణం, బుస్సీ పక్కనున్న హైదర్ జంగ్ లంచం తిన్నాడని. ఆ హైదర్ జంగ్ ఒక పుస్తకం రాసి ఉంటే మనకీ పాడుకోవడానికి ఇంకో రెండు చరణాలు దొరికేవి.

నెల్లిమర్ల కంట్రిబ్యూటర్

తమ్ముడూ, విజయనగరంవాళ్లూ ఉన్నారిక్కడ, ఆ గొడవ మొదలెట్టకు.

మా పత్రికలవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనే చెప్తాను. యుద్ధానికి ముందు పత్రికలు మెత్తగా ప్రశ్నించాయనీ, సర్కారు పని సులువు చేశాయనీ కూడా మెక్‌క్లెలన్ రాశాడు. పెద్ద యాంకర్లకి కోపం వచ్చింది. కానీ నిజమే. నైట్ రిడ్డర్ అనే పత్రికల సంస్థలో ఇద్దరు ముగ్గురు విలేకరులు కింది స్థాయి అధికారుల దగ్గరికి వెళ్లి, ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంస ఆయుధాలున్నాయన్న ఆధారాలు బలంగా లేవని 2002లోనే రాశారు. పెద్దవాళ్ల ప్రెస్ మీట్లకే పరిమితమైనవాళ్లకి అది దొరకలేదు. మండల స్థాయిలో కూడా అంతే. నోట్ వస్తుంది, పైన మన పేరు పెట్టి పంపేస్తాం.

ఉద్దానం ఫౌజీ

నేను ఇలాంటి చోట్ల రాయను. మా అబ్బాయి చూపిస్తే మొత్తం చదివాను. టైపు చేస్తున్నది కూడా వాడే.

నేను శ్రీలంక వెళ్లినవాణ్ణి. శాంతి సేన అని పంపారు. 1987 జులైలో ఒప్పందం, రెండు పక్షాల మధ్య నిలబడాలి అన్నారు. అక్టోబరు వచ్చేసరికి జాఫ్నాలో తమిళ పులులతో (ఎల్టీటీఈ) మేమే యుద్ధం చేస్తున్నాం. 1990 మార్చిలో వెనక్కి వచ్చేలోగా మనవాళ్లు దాదాపు 1,200 మంది పోయారు. ఎందుకు వెళ్లాం, ఎందుకు వచ్చేశాం అని మా ఊళ్లో అడిగితే ఇప్పటికీ రెండు ముక్కల్లో చెప్పలేను. అందుకని ఎవరు పుస్తకం రాసినా చదివించుకుంటాను.

అప్పుడు కొలంబోలో మన హైకమిషనర్ జె.ఎన్. దీక్షిత్. ఆయన తన వైపు కథ 1998లో రాశాడు. మా మొదటి కమాండర్ మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్ 2007లో రాశాడు. అందులో పెద్ద ఆరోపణ ఉంది. 1987 సెప్టెంబరులో ఎల్టీటీఈ నాయకుడు ప్రభాకరన్ చర్చలకి వస్తున్నప్పుడు, పట్టుకో లేదా కాల్చెయ్ అని దీక్షిత్ తనకి చెప్పాడనీ, తెల్లజెండా మీద వచ్చినవాణ్ణి కాల్చను అని తను కాదన్నాడనీ. ఆ మాట నిజమైతే చాలా పెద్దది. కానీ దీక్షిత్ 2005 జనవరిలోనే చనిపోయాడు. అవుననడానికీ, కాదనడానికీ మనిషి లేడు. జనరల్ సాబ్ అబద్ధం చెప్పాడని నేను అనను, మా కమాండర్. కానీ మాలాంటివాడు దాన్ని పట్టుకుని ఏం చేసుకోవాలి?

అందుకే మీరు ముందు, తర్వాత అని కొట్టుకుంటుంటే నాకు అసలు ప్రశ్న వేరే అనిపించింది. రాసిన రోజున ఎవరి మీద రాశాడో వాళ్లు జవాబు చెప్పే స్థితిలో ఉన్నారా లేదా. మెక్‌క్లెలన్ రాసినప్పుడు బుష్ ఇంకా అధ్యక్షుడు. చెనీ ఉపాధ్యక్షుడు. రోవ్ బతికే ఉన్నాడు, టీవీలో తిట్టాడు కూడా. 2008 జూన్ 20న మెక్‌క్లెలన్ ప్రతినిధుల సభ కమిటీ ముందు ప్రమాణం చేసి కూర్చుని, రెండు పార్టీలవాళ్ల ప్రశ్నలకి జవాబు చెప్పాడు. ఇది మనకి దొరకలేదు.

అరసవల్లి టీచర్

ఫౌజీ బాబాయ్ గారూ, ఎందుకు దొరకలేదో కూడా చెప్పుకోవాలి కదా. మన దగ్గర 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా నడుస్తోంది. దానికి తోడు 2021లో కేంద్రం పెన్షన్ నిబంధనలు మార్చింది. ఇంటెలిజెన్స్, భద్రతా సంస్థల్లో చేసి రిటైరైన ఉద్యోగులు ఆ సంస్థ పని గురించి రాయాలంటే ముందు అనుమతి కావాలి, లేకపోతే పెన్షన్‌కే ఎసరు. ఆ నియమం సైన్యానికి వర్తించేది కాదు. అయినా మాజీ ఆర్మీ చీఫ్ నరవణె పుస్తకంలోంచి కొన్ని భాగాలు 2023 చివర్లో బయటికి రాగానే, రక్షణ శాఖ పరిశీలన దగ్గర అది ఆగింది.

రాజకీయం అయితే రాయనిస్తారు. మన్మోహన్ సింగ్‌కి మీడియా సలహాదారుగా చేసిన సంజయ బారు 2014 ఏప్రిల్‌లో, ఓట్లు పడుతుండగా, పుస్తకం తెచ్చాడు. ప్రధాని కార్యాలయం ఖండించింది, ఆయన టీవీల్లో జవాబిచ్చాడు, కథ అక్కడితో సరి. యుద్ధం గురించి అలా ఎవరైనా రాశారా? 1962 ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదికనే సర్కారు ఇంతవరకు అధికారికంగా బయటపెట్టలేదు.

నాకు మెక్‌క్లెలన్ మీద కోపం రావడం లేదు. అలాంటివాణ్ణి తిట్టుకునే అవకాశం ఉన్నందుకు అమెరికావాళ్లని చూస్తే కాస్త ఈర్ష్యగా ఉంది.

రిటైర్డ్ పౌరసంబంధాలు

టీచర్ గారి మాటకి ఒకటి కలుపుతాను. ఇలా ఒకడు పుస్తకం రాస్తే తర్వాత వచ్చే ప్రతి ప్రతినిధినీ పై అధికారులు ఇంకా దూరం పెడతారు. వీడు రేపు రాసుకుంటాడేమో అన్న భయం. మీటింగులోంచి బయటికి పంపేస్తారు. దాని ఫలితం విలేకరులకే నష్టం. నేను ఆయన్ని సమర్థిస్తూనే ఇది చెప్తున్నాను.

నెల్లిమర్ల కంట్రిబ్యూటర్

సార్, మీరే కదా ఫైలు ఎలాగూ చూపించరన్నారు. చూపించనివాణ్ణి ఇంకెక్కడికి దూరం పెడతారు?

గంటస్తంభం

ఫౌజీ గారి కొలత నాకు నచ్చింది, కానీ పూర్తిగా ఒప్పుకోను. ఆ జూన్ 20 విచారణలో ప్రధానంగా నడిచింది ప్లేమ్ పేరు ఎవరు బయటపెట్టారన్న సంగతి. యుద్ధానికి కారణం కట్టింది ఎవరన్న దాని మీద ఆయన ప్రమాణం చేసి చెప్పింది తక్కువ, పుస్తకంలో అమ్ముకున్నది ఎక్కువ. అది బెస్ట్ సెల్లర్ లిస్టు పైకి ఎక్కిందని మర్చిపోవద్దు.

ఉద్దానం ఫౌజీ

డబ్బు తీసుకోనీయండి మాస్టారూ. యుద్ధం మంచిదని చెప్పినన్నాళ్లూ కూడా జీతం తీసుకునే చెప్పాడు, అప్పుడు మీరెవరూ ఆ లెక్క అడగలేదు. ప్రమాణం చేసినప్పుడు యుద్ధం గురించి ఎక్కువ చెప్పలేదంటే, ఆ ప్రశ్న వేయాల్సింది కమిటీలో కూర్చున్నవాళ్లు. వాళ్లలో ఎంతమంది 2002లో యుద్ధానికి ఓటు వేశారో చూడండి. మా అబ్బాయి వెతుకుతున్నాడు, దొరికితే పేర్లు పెడతాం.