"తెప్పలుగ"లో ఆ "లు" ఏమిటి? (కప్పల పద్యం, ఒక బేస్‌బాల్ గోడు)

ఆర్లింగ్టన్ గట్టు:
వారం రోజులుగా ఒక పద్యపాదం పీక్కుతింటోంది. సుమతీ శతకంలోదే, సంపదా బంధువులూ కప్పలూ ఉన్న పద్యం. మూడో పాదం దగ్గరకొచ్చేసరికి నా నాలుక "గొప్పగ చెరువు నిండిన" అనేస్తోంది. తప్పని తెలుస్తోంది, అసలుది మాత్రం నోటికి రావట్లేదు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో కూడా చెప్పుకోనివ్వండి. డాలస్ వచ్చిన రోజు నుంచీ నేను టెక్సాస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు మనిషిని. 2011 అక్టోబర్ 27 రాత్రి, వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్) ఆరో ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక్క స్ట్రైక్ పడితే కప్పు మాదే, పడలేదు. పదో ఇన్నింగ్స్‌లో మళ్లీ ముందుకెళ్లాం, మళ్లీ ఒక్క స్ట్రైక్ దూరంలోనే పోగొట్టుకున్నాం. ఆ రాత్రి నాతో కూర్చుని చూసింది మా రూమ్మేట్ ఒక్కడే, వాడూ మధ్యలో నిద్రపోయాడు. 2023 నవంబర్ 1న గెలిచామా, మర్నాటికల్లా మా కాలనీలో ఏ గ్యారేజీ ముందు చూసినా రేంజర్స్ టీషర్టే. "మేం మొదటినుంచీ ఫ్యాన్సే కదండీ" అనే మాట ఒక్క వారంలో ఎన్నిసార్లు విన్నానో! మరుసటి ఏడాది 78 గెలిచి 84 ఓడాం. టీషర్టులు కారు తుడిచే గుడ్డలయ్యాయి.

ఇంతకీ ఆ మూడో పాదం ఏమిటో ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.

యతిభంగం:
"ఎప్పుడు సంపద కలిగిన
నప్పుడు బంధువులు వత్తు రది యెట్లన్నన్
దెప్పలుగఁ జెఱువు నిండినఁ
గప్పలు పదివేలు చేరుఁ గదరా సుమతీ"

మీ నాలుక మోసపోవడానికి కారణం ఉంది. "గొప్ప"లోనూ ప్రాస కుదిరింది కాబట్టి చెవి ఒప్పేసుకుంది. కానీ కందం ఒప్పుకోదు. "గొప్పగ" నాలుగు మాత్రలు, సరే. ఇక "చెరువు నిండిన" లెక్కపెట్టండి, ఏడే వస్తాయి. ఎనిమిది కావాలి. "తెప్పలుగ"లో ఆ "లు" ఉంది చూశారూ, పాదాన్ని నిలబెట్టేది అదే.

పనిలో పనిగా రెండో పాదంలో యతి కూడా చూడండి. "కలిగిన నప్పుడు"లో దాక్కున్న అకారానికీ "వత్తు రది"లో దాక్కున్న అకారానికీ యతి. రెండూ సంధిలో మునిగి ఉన్నాయి. బళ్లో పిల్లలు నకారానికీ రకారానికీ యతేమిటని అడిగేవారు. అడిగినవాడికి రెండు మార్కులు ఎక్కువ వేసేవాణ్ణి.

తెప్పతిరునాళ్ల:
నమస్కారం మాస్టారూ. "లు" దగ్గరే నాకూ పేచీ. బళ్లో మాకు "తెప్పలుగ అంటే నిండుగా" అని చెప్పి వదిలేశారు. తెప్ప అంటే తెప్పే కదా! తిరుమలలో ఫాల్గుణ మాసంలో పుష్కరిణిలో ఐదు రోజులు స్వామివారు విహరించేది దేనిమీద? తెప్పలు తేలేటంత నీళ్లు చెరువులో పడ్డాయి అని కవి భావం. వట్టి "నిండుగా" అంటే ఆ బొమ్మంతా పోతుంది. మూడో పాదంలో చెరువును కట్టి, నాలుగో పాదంలో కప్పల్ని దింపాడు. అంత కవి, చెరువులో తెప్ప వేయకుండా ఉంటాడా?

యతిభంగం:
అమ్మా, "నిండుగా నిండిన" అన్నా తెలుగులో తప్పు లేదు. "పొంగి పొర్లింది" అనమూ? పైగా తెప్పలు తేలేటంతగా అనే అర్థం రావాలంటే "తెప్పలు తేల" అనాలి. "తెప్పలుగ" అంటే వ్యాకరణం ప్రకారం తెప్పల మాదిరిగా అని వస్తుంది. చెరువు తెప్పల మాదిరిగా నిండటం ఏమిటి?

తెప్పతిరునాళ్ల:
కుప్పలుగా పోశాడు అంటే కుప్పల మాదిరిగా పోశాడనా మాస్టారూ? కుప్పలు పడేటట్టు అని కదా. ఇదీ అంతే. తెప్పలు పడేటట్టు.

ఫెన్‌వే పక్కిల్లు:
బాబాయ్‌లూ అక్కలూ, "లు" సంగతి తర్వాత. ముందు ఎండిన చెరువు అంటే ఏమిటో బోస్టన్ వాళ్లని అడగండి. 1919 డిసెంబర్‌లో మా రెడ్ సాక్స్ జట్టు వాళ్లు మేటి ఆటగాడు బేబ్ రూత్‌ని న్యూయార్క్ యాంకీస్‌కి అమ్మడానికి ఒప్పుకున్నారు, జనవరిలో ప్రకటించారు. 1918లో గెలిచిన కప్పు మళ్లీ 2004లో. 86 ఏళ్లు! రేంజర్స్ వాళ్లు ఒక్క రాత్రి గురించి ఏడుస్తున్నారు, మా దగ్గర తాత ఏడుపు మనవడికి ఆస్తిగా వచ్చింది. 2004 తర్వాత చేరిన కప్పల్లో నేనూ ఒకణ్ణి, ఒప్పుకుంటున్నాను.

నా ప్రశ్న వేరే. ఇక్కడ కప్పలెవరు? ఫ్యాన్సా, ఆటగాళ్లా? గట్టు గారి జట్టుకే 2023 జూలైలో జోర్డన్ మాంట్‌గోమరీ అనే ఆటగాడు ట్రేడ్‌లో (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో) వచ్చాడు, కప్పు గెలిపించాడు, 2024 మార్చిలో పోయి డైమండ్‌బ్యాక్స్‌లో చేరాడు. దాదాపు ఐదు నెలల కిందట వరల్డ్ సిరీస్‌లో ఓడించిన జట్టులో! అది కప్పదాటు కాదా?

ఆర్లింగ్టన్ గట్టు:
మాంట్‌గోమరీని ఏమీ అనకండి. ఒప్పందం అయిపోయింది, ఎవరు జీతమిస్తే వాళ్లకి ఆడాడు. నా ఉక్రోషమంతా గ్యారేజీల మీదే.

హిమాయత్‌నగర్:
కప్పదాటు అన్నారు కాబట్టి రాజకీయం రాక తప్పదు. మన భాషలో కప్పకి రెండు ఉద్యోగాలున్నాయి. ఒకటి కప్పదాటు, రెండోది కప్పల తక్కెడ. మొదటిదాంట్లో దూకేది కప్ప. రెండోదాంట్లో బాధ తూచేవాడిది: ఒకదాన్ని పట్టి పళ్లెంలో పెట్టేలోగా ఇంకోటి బయటికి. 1967లో హర్యానాలో గయా లాల్ అనే ఎమ్మెల్యే పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు. "ఆయారాం గయారాం" ఆయన పుణ్యమే. 1985లో పార్టీ ఫిరాయింపుల చట్టం తెచ్చి, పదో షెడ్యూల్ చేర్చి, తక్కెడకి మూత పెట్టామనుకున్నారు. మూడోవంతు మంది కలిసి దూకితే చీలిక అనేవారు, 2003లో అదీ తీసేశారు. ఇప్పుడు మూడింట రెండొంతులు దూకి విలీనం అంటున్నారు. కప్పలు గుంపుగా దూకడం నేర్చుకున్నాయి, అంతే.

అమెరికాలో ఆ మూత కూడా లేదు. 2001 మేలో జిమ్ జెఫర్డ్స్ అనే సెనేటర్ రిపబ్లికన్ పార్టీ వదిలేస్తున్నానన్నాడు. చెరోవైపు 50 మంది ఉన్న సెనేట్‌లో ఆ ఒక్కడి దూకుడుతో పెత్తనం అవతలి పార్టీకి పోయింది. అప్పుడు అధ్యక్షుడు ఎవరో గట్టు గారికి బాగా తెలుసు.

ఆర్లింగ్టన్ గట్టు:
తెలియకేం! జార్జ్ డబ్ల్యూ బుష్. మా రేంజర్స్ పాత యజమానుల్లో ఒకడు. 1989లో సామీ సోసాని చికాగో వైట్ సాక్స్‌కి ట్రేడ్ చేసింది ఆయన హయాంలోనే. ఆ సోసా తన ఆట జీవితంలో మొత్తం 609 హోమ్ రన్లు కొట్టాడు, అందులో ఆ ట్రేడ్‌కి ముందు రేంజర్స్‌కి కొట్టింది ఒకే ఒక్కటి. మీరు చేసిన పెద్ద తప్పేమిటని 2000 ఎన్నికల ముందు అడిగితే ఆయన చెప్పింది కూడా ఈ ట్రేడే. అంటే తక్కెడలోంచి కప్ప పోవడం ఆయనకి కొత్త కాదు.

ఫెన్‌వే పక్కిల్లు:
తక్కెడ అంటే మా ఊరి కథ వినండి. 2024 జూన్ 26న ఫెన్‌వే పార్కులో బోస్టన్, టొరంటో ఆట. టొరంటో తరఫున డానీ జాన్సన్ బ్యాటింగ్‌కి నిలబడి ఉండగా వాన పడి ఆట ఆగిపోయింది. జూలైలో అతన్ని బోస్టన్‌కి ట్రేడ్ చేశారు. ఆగస్టు 26న అదే ఆట ఆగిన చోటునుంచే మొదలుపెడితే, అతను బోస్టన్ క్యాచర్‌గా వచ్చి కూర్చున్నాడు. తను సగంలో వదిలిన బ్యాటింగ్‌ని ఇంకొకడు పూర్తి చేస్తుంటే వెనక బంతి పట్టాడు! ఒకే ఆటలో రెండు జట్లకీ ఆడినవాడు లీగులో అంతకుముందు లేడు. గయా లాల్‌కి పదిహేను రోజులు పట్టింది, మావాడికి ఒక్క ఆట చాలింది.

హిమాయత్‌నగర్:
తేడా ఉంది తమ్ముడూ. గయా లాల్ తనే దూకాడు. మీవాడిని చెయ్యి పట్టి అవతలి పళ్లెంలో పెట్టారు. దీనికి తెలుగులో మంచి మాట కుండమార్పు. మా పిల్లని మీ ఇంటికి, మీ పిల్లని మా ఇంటికి. ఇద్దరు ఆడపిల్లల్నీ ఎవరూ అడగరు.

యతిభంగం:
కుండమార్పు బాగుంది. వార్తాపత్రికల్లో "బదిలీ" అని రాస్తుంటే ఆటగాడు తహసీల్దారులా కనిపిస్తాడు. కానీ డబ్బుకి అమ్మితే కుండమార్పు అనకూడదు. మీ బేబ్ రూత్‌ది కన్యాశుల్కం.

అడగకపోవడం అన్నారు కాబట్టి, ఒకడు అడిగాడు. కర్ట్ ఫ్లడ్. 1969లో సెయింట్ లూయిస్ వాళ్లు ఫిలడెల్ఫియాకి ట్రేడ్ చేస్తే, నన్ను సరుకులా కొనడం అమ్మడం ఏమిటని బేస్‌బాల్ కమిషనర్‌కి ఉత్తరం రాసి, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఓడిపోయాడు. అతని ఆట జీవితం అక్కడితో సరి. ఆ పోరాటం ఫలం తర్వాతి వాళ్లు తిన్నారు. మా అబ్బాయి ఈ కథ చెప్పినప్పుడు నాకు తట్టింది ఇదే శతకంలో ఇంకో పద్యం:

"అడిగిన జీతం బియ్యని
మిడిమేలపు దొరనుఁ గొల్చి మిడుకుటకంటెన్
వడిగల యెద్దులఁ గట్టుక
మడి దున్నుక బ్రదుకవచ్చు మహిలో సుమతీ"

ఆ "మిడిమేలపు" అన్న మాట ఎంత బిగువుగా ఉందో చూడండి. గర్వం ఉంది, మిడిసిపాటు ఉంది, పెట్టే చెయ్యి లేదు. పక్కనే "మిడుకు". దొరకో "మిడి", బంటుకో "మిడు". బద్దెన రాశాడో ఇంకెవరు రాశారో గానీ, రాసినవాడు కొలువు చేసి విసిగినవాడే.

తెప్పతిరునాళ్ల:
ఫ్లడ్ అంటే వరద. మాస్టారు చెరువు వదిలేసి వరదలో పడ్డారు. పైగా ఫ్లడ్‌కి జీతం తక్కువేం కాదు, ఏడాదికి 90,000 డాలర్లు. అతనడిగింది జీతం కాదు, తన మాట. ఆ పద్యం అతనికి నప్పదు.

యతిభంగం:
ఎద్దుల్ని కట్టుకుని మడి దున్నుకునే స్వేచ్ఛ నప్పుతుంది కదమ్మా.

మాగాణి మట్టి:
ఇన్ని మాటల్లో కప్ప తరఫున ఎవరూ మాట్లాడలేదు. మాది చెరువు కింద సాగు. వేసవిలో చెరువు ఎండితే కప్పలు పక్క ఊరికి పోవు. బురద గట్టిపడుతుంటే లోపలికి దిగి, కదలకుండా పడుంటాయి. తొలకరి పడగానే అదే మట్టిలోంచి లేస్తాయి. ఆ రాత్రి బెకబెకలు వింటే ఊళ్లో వాళ్లకి పదివేలు కొత్తగా వచ్చినట్టే ఉంటుంది. చెరువు కింద వాళ్లకి తెలుసు, నిన్నటిదాకా కాలి కిందే ఉన్నాయని.

కాబట్టి మీరు "లు" పట్టుకు కొట్టుకోవడం కాదు, "చేరు" దగ్గర ఆగాలి. కవి చేరు అన్నాడు, అంటే బయటినుంచి వచ్చినట్టు. నా లెక్కలో చేరడం రెండు రకాలు. గట్టు దాటి రావడం ఒకటి, అడుగునుంచి పైకి రావడం ఒకటి.

ఆర్లింగ్టన్ గట్టు:
అన్నా, ఈ మాట నన్ను ఇబ్బంది పెడుతోంది. 2011లో నాతో చూసిన ఆ రూమ్మేట్ ఉన్నాడే, పన్నెండేళ్లు ఒక్క ఆట గురించీ ఫోన్ చేసినవాడు కాదు. 2023లో గెలిచిన రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేసి ఏడ్చాడు. మర్నాడు టీషర్టు వేసుకున్నవాళ్లలో వాడూ ఉన్నాడు. నేను మనసులో వాణ్ణీ కప్పల్లోనే కలిపేశాను. ఇప్పుడు చెప్పండి, వాడు చేరినట్టా, అడుగున ఉన్నట్టా?

మాగాణి మట్టి:
మధ్యలో నిద్రపోయాడని మీరేగా చెప్పారు.

తెప్పతిరునాళ్ల:
అది సరే. మాస్టారూ, "తెప్పలుగ" అని ఇంకెక్కడైనా పద్యంలో చూశారా? "లు" తీసేసి "తెప్పగ" అని ఉన్న చోటు ఒక్కటి చూపించండి, ఓడిపోయానని ఒప్పుకుంటాను.

యతిభంగం:
"తెప్పగ" ఎక్కడా ఉండదు. అదే నా వాదన.

తెప్పతిరునాళ్ల:
నాదీ అదే!