మూడున్నరేళ్ల పాపతో బెంగళూరులో ఎక్కడికి వెళ్లొచ్చు?

అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, ఉండేది అమెరికాలో. దత్తత తీసుకున్న మా పాపను వెంట తీసుకెళ్లడానికి బెంగళూరు వచ్చాం. దత్తత ఆర్డర్, కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సర్టిఫికెట్ చేతికొచ్చాయి, పాస్‌పోర్ట్ రావాలి. అందాకా జయనగర్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం.

పాపకు కన్నడ తప్ప రాదు. ఏం అడిగినా ‘బేడ’ (వద్దు) అంటుంది. నీళ్ల సీసా నిద్రలో కూడా వదలదు. ఆదివారం మాల్‌కి వెళ్తే ఆ రద్దీకి బెదిరిపోయి నా చున్నీలో మొహం దాచేసుకుంది. నిన్న లాల్‌బాగ్ వెళ్లాం. 1889 నాటి గ్లాస్ హౌస్ వైపు కన్నెత్తి చూడలేదు కానీ, అక్కడ పెద్ద బండ ఉంది కదా, దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిదట, దాని మీద గంటసేపు ఎక్కుతూ జారుతూ మొదటిసారి నవ్వింది. మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

అలాంటి చోట్లు ఇంకేమైనా ఉన్నాయా? కబ్బన్ పార్క్‌లో జనం ఏ వేళ తక్కువ? మెట్రోలో అయితే మెజెస్టిక్‌లో మారాలి, పాపతో ఆటోనే నయమా? బన్నేరుఘట్ట సఫారీకి ఈ వయసు పిల్లలు భయపడతారా? విశ్వేశ్వరయ్య మ్యూజియం మరీ పెద్దపిల్లలకేనేమో.

పాపను బుజ్జగించే నాలుగు కన్నడ మాటలు కూడా చెప్పండి. ‘సొంత పిల్లలు లేరా’ అని మాత్రం అడగొద్దు, ఆ ప్రశ్న ఫ్లైట్‌లోనే అయిపోయింది.