పాత ఫ్లెమిష్ (ఇప్పటి బెల్జియం ప్రాంతపు) చిత్రాల్లో, వాటిని డబ్బిచ్చి వేయించిన దాతలు మరియమ్మ ఎదురుగానే ఎందుకు ఉంటారు?

చిత్రరేఖ:
యాన్ వాన్ ఐక్ 1435 ప్రాంతంలో వేసిన చిత్రం ఒకటి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. బర్గండీ డ్యూక్ దగ్గర ఛాన్సలర్‌గా ఉన్న నికొలా రోలాన్ అందులో మరియమ్మకు సరిగ్గా ఎదురుగా, ఆమె అంత సైజులోనే మోకరిల్లి ఉంటాడు. చేయి పట్టి ముందుకు తీసుకెళ్ళే పునీతుడు కూడా పక్కన లేడు. ఇది భక్తా, దర్పమా?

నీలిసిరా:
దర్పం ఉందండీ, కాదనను. కానీ అంతకంటే పెద్దది చావు తర్వాతి భయం. ఉత్తరించు స్థలంలో (స్వర్గానికి ముందు పాపశుద్ధి జరిగే చోట, పర్గెటరీ) ఆత్మ ఎంతకాలం మగ్గాలో తెలీదు, బతికున్నవాళ్ళు చేయించే పూజలూ ప్రార్థనలూ ఆ శిక్షను తగ్గిస్తాయని వాళ్ళ నమ్మకం. గెంట్‌లో యోస్ వైట్, ఎలిజబెత్ బోర్లూట్ దంపతులనే చూడండి. పిల్లల్లేరు. 1432 నాటి పెద్ద పీఠచిత్రం (చర్చి బలిపీఠం మీద నిలిపే, తలుపుల్లాంటి రెక్కలున్న చిత్రం) వేయించి ఊరుకోలేదు, ఆ చాపెల్‌లో రోజూ పూజ జరిగేలా 1435లో ఆదాయం కూడా రాసిచ్చారు. రెక్కలు మూసి ఉన్నప్పుడు కింది వరసలో చెరో చివరా మోకరిల్లి కనిపించేది వీళ్ళే. పూజకు వచ్చినవాళ్ళు తమను మర్చిపోకూడదని వాళ్ళ ఆరాటం, నాకైతే అది చాలా మానవసహజంగా అనిపిస్తుంది.

గాజుకన్ను:
బ్రూజ్‌లో ఉన్న కేనన్ (చర్చి అధికారి) వాన్ డెర్ పాలే చిత్రం (1436) పెద్దది చేసి చూడండి, దర్పం అన్న మాట వెంటనే నోటికి రాదు. కణత మీద ఉబ్బిన నరాలు, వదులైన చర్మం, చేతిలో ప్రార్థన పుస్తకం, దాని మీద వాల్చి పట్టుకున్న కళ్ళజోడు, ఆ అద్దం కింద అక్షరాలు వంకరపోవడం కూడా వాన్ ఐక్ వదల్లేదు. వెనక పునీత జార్జి శిరస్త్రాణం పైకెత్తి ఆయన్ని మరియమ్మకు పరిచయం చేస్తూ, ఆ తెల్లటి పైవస్త్రం అంచును తొక్కేశాడు. డబ్బిచ్చినవాడిని ఇంత ముసలిగా, ఇంత నిజంగా చూపించడానికి ధైర్యం కావాలి, ఇద్దరికీ.

పాతగోడ:
అందరికీ సమానమైన సైజు దక్కిందనుకోకండి. ఫ్లోరెన్స్‌కు చెందిన మెడిచీ బ్యాంకు బ్రూజ్ శాఖ చూసిన తొమ్మాసో పోర్టినారి కోసం హ్యూగో వాన్ డెర్ హూస్ వేసిన పీఠచిత్రం (ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉంది) రెక్కల్లో దాతల కుటుంబం చిన్నగా ఉంటుంది, వెనక పునీతులు నిలువెత్తున ఉంటారు. అతనికి ముందు అదే శాఖ మేనేజరుగా ఉన్న ఆంజెలో తాని, చిత్రకారుడు మెమ్లింగ్ చేత తుదితీర్పు చిత్రం వేయించుకున్నాడు. అందులో త్రాసులో కూర్చున్న పుణ్యాత్ముడి తల పోర్టినారిదేనంటారు, దాన్ని తగరపు రేకు మీద విడిగా వేసి అతికించారు. 1473లో ఫ్లోరెన్స్‌కు ఓడలో పంపుతుంటే గ్దాన్స్క్‌కు చెందిన ఓడదోపిడీదారు పాల్ బెనెకె దాన్ని తన ఊరికి పట్టుకుపోయాడు, అందుకే ఇప్పుడు అది పోలండ్‌లోని ఆ గ్దాన్స్క్‌లోనే ఉంది.

చిత్రరేఖ:
మరి రోలాన్ సంగతి?

నీలిసిరా:
రంగుల కింది గీతల్లో అతని నడుముకు డబ్బుసంచి ఉంది. రంగు వేసేటప్పుడు దాన్ని తీసేశారు.