అప్‌డేట్: నెబ్రాస్కా కుటుంబం కాగితాలు దొరికాయి

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో మా పక్కింటి పెద్దావిడ ముత్తాత హోమ్‌స్టెడ్ (సాగు చేసేవాళ్లకి ప్రభుత్వం దాదాపు ఉచితంగా ఇచ్చిన భూమి) కాగితాలు ఎక్కడ వెతకాలని అడిగాను కదా, దొరికాయండీ! వాషింగ్టన్‌లో ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌వి. మీలో ఒకరు చెప్పినట్టే నెబ్రాస్కా ఫైళ్లు స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టారు.

1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు సొంతం కావాలంటే ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేయాల్సి ఉండేది, ఇద్దరు సాక్షులు అవునని చెప్పాల్సి ఉండేది. ఆ వాంగ్మూలాలే అసలు నిధి. గడ్డివేళ్లతో సహా కోసిన మట్టిపెళ్లల ఇల్లు, ఒక తలుపు, రెండు కిటికీలు, బావి, ఎన్ని ఎకరాలు దున్నారో కూడా రాసుంది. ఒక సాక్షికి సంతకం రాదు, ఇంటూ గుర్తు పెట్టాడు. ఆ సాక్షి పేరు చదవగానే పెద్దావిడ నా చెయ్యి పట్టేసుకున్నారు. ఆయన ఆవిడ అమ్మమ్మ వాళ్ల నాన్నట!

1857లో అక్కడి మూలవాసులైన పానీ (Pawnee) తెగవాళ్లు వదులుకోవాల్సి వచ్చిన నేల అది. ఫైల్లో ఆ ఊసే లేదు, అదొక్కటే బాధనిపించింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.