ఉత్తమ ఉపాధ్యాయ అవార్డుకి టీచరే అప్లికేషన్ పెట్టుకోవాలా? (హైదరాబాద్ జిల్లా)

బర్కత్‌పురా_చదువరి
సెప్టెంబర్ 5 దగ్గర పడుతోంది, స్కూళ్లలో మళ్లీ అదే హడావిడి. జిల్లా అవార్డు కావాలంటే టీచర్ తన గురించి తనే రాసి, ఫలితాల పట్టిక, ఫొటోలు, పేపర్ కటింగులు జతచేసి, హెడ్మాస్టర్ (హెచ్‌ఎం) సంతకంతో స్కూళ్ల డిప్యూటీ ఇన్‌స్పెక్టర్‌కి (డిప్యూటీ ఐఓఎస్) ఇవ్వాలి. అక్కణ్నుంచి ఫైల్ జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుకి పోతుంది. జాతీయ అవార్డుకి కూడా 2018 నుంచి పోర్టల్‌లో టీచర్ తనంతట తనే నామినేట్ చేసుకోవాలి. ఈ పద్ధతి ఉండాలా, పోవాలా? కారణాలతో చెప్పండి.

చాక్‌పీస్_ముక్క
పోవాలి. ఫైల్‌లో ఉండేది టీచర్ చేసిన కార్యక్రమాలు. పిల్లలకి ఏం వచ్చిందో అందులో ఉండదు. వనమహోత్సవం మొక్క, సైన్స్ ఫెయిర్ బ్యానర్, దాత ఇచ్చిన బ్యాగుల పంపిణీ, వీటన్నిటికీ ఫొటో ఉంటుంది. మూడో తరగతి పిల్ల తీసివేత ఎలా నేర్చుకుందో దానికి ఫొటో ఉండదు.

ఒక లెక్క తీసుకోండి. 52 లోంచి 27 తీసేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. పైన 2, కింద 7. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి 5 వేస్తారు, పక్కన 3 వేస్తారు. ఒక టీచర్ ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి 25 అని రాసి సంతకం పెడతారు. నోట్‌బుక్ దిద్దినట్టే లెక్క. ఇంకో టీచర్ "ఇది ఎట్లా చేసినవ్, చెప్పు" అని అడుగుతారు. తప్పు ఎక్కడుందో వినగానే తెలిసిపోతుంది. అప్పుడు ఐదు పదుల కట్టలు, రెండు విడి పుల్లలు పిల్ల చేతికిస్తారు. ఏడు తీయాలంటే ఒక కట్ట విప్పక తప్పదు. పన్నెండు విడి పుల్లల్లో ఏడు పోతే ఐదు, నాలుగు కట్టల్లో రెండు పోతే రెండు. ఆ పిల్ల జన్మలో మళ్లీ 35 వేయదు. ఈ ఇద్దరిలో ఎవరు ఉత్తములో మీ ఫైల్ చెప్పగలదా?

సర్వీస్‌బుక్
చాక్‌పీస్ గారూ, పుల్లల కట్ట బాగుంది. కానీ ఫైల్ తీసేస్తే మిగిలేది ఏంటి? ఆఫీసర్ గారికి ఎవరు గుర్తుంటే వాళ్లు, సంఘం నాయకుడు ఎవరి పేరు చెబితే వాళ్లు. అప్లికేషన్ ఉంటే కనీసం "నేనూ పెట్టాను, నన్నెందుకు తీసేశారు" అని అడిగే హక్కు ఉంటుంది.

జాతీయ అవార్డులో సొంత నామినేషన్ తెచ్చిందే ఇందుకు. జిల్లా కమిటీలో డీఈఓ, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి, కలెక్టర్ నామినేట్ చేసిన విద్యావేత్త ఉంటారు. మూడు పేర్లు మించి పైకి పంపడానికి లేదు. రాష్ట్ర కమిటీ, ఆ తర్వాత స్వతంత్ర జ్యూరీ. ఇన్ని మెట్లు దాటాలంటే కాగితం ఉండాలి.

ఇంకోటి. ఫలితాలు ఫైల్‌లోనే కదా కనబడేది? మూడేళ్లుగా పదో తరగతిలో తన సబ్జెక్టులో నూటికి నూరు తెచ్చిన టీచర్ ఉంటే ఇంకేం చూడాలి?

చార్మినార్_గల్లీ
నూటికి నూరు ఎట్లొస్తదో గూడ చెప్పుండ్రి సార్.

సర్వీస్‌బుక్
చదువు చెబితే వస్తుంది.

చార్మినార్_గల్లీ
ఎనిమిదిల 64 మంది ఉంటరు అనుకో. పదోతరగతి నామినల్ రోల్స్‌ల, అంటే పరీక్ష రాసేటోళ్ల లిస్టుల, 51 మందే ఉంటరు. మిగతా 13 మంది ఏడవోయిండ్రు? కొందరు ఊరికి పోయిండ్రు, నిజమే. కొందరికి తొమ్మిదిల టీసీ చేతుల వెట్టి ఓపెన్ స్కూల్ల కట్టుకోమన్నరు. 51కి 51 పాస్. ఫైల్ల నూరు శాతం. యూడైస్‌ల, అంటే బడుల ఆన్‌లైన్ రికార్డుల, ప్రతి పిల్లగానికి మారని పెన్ నంబర్ ఉంటది, ఎవడు యాడికి పోయిండో తీయొచ్చు. తీసేటోళ్లు ఎవరు?

సర్వీస్‌బుక్
ఎక్కడో ఒకచోట జరిగిందని అందరి నూరు శాతాన్నీ అనుమానించడం న్యాయం కాదు.

చాక్‌పీస్_ముక్క
అనుమానం పక్కన పెట్టినా నూరు శాతం అనే అంకె పనికిరాదు. 18 మంది ఉన్న స్కూల్లో ఒక్కడు ఫెయిలైతే 94.4. 120 మంది ఉన్న స్కూల్లో ఒక్కడు ఫెయిలైతే 99.2. తప్పింది ఒక్కడే, అంకెలో ఐదు శాతం తేడా. పైగా పాస్ అంటే 35 మార్కులు. 30 దగ్గర ఊగిసలాడే పిల్లాణ్ని 36కి తెచ్చిన టీచర్, ఎలాగూ పాసయ్యే పిల్లలున్న టీచర్ ఆ పట్టికలో ఒకేలా కనిపిస్తారు.

ఎస్‌జీటీ_అక్క
మీరిద్దరూ పదో తరగతి దగ్గరే కొట్టుకుంటున్నారు. ఒకటి, రెండు తరగతులు చెప్పే మాకు ఏ పట్టిక ఉంది?

హైదరాబాద్ బడిలో ఒకటో తరగతి అంటే తెలుసా? ఇంట్లో తెలుగు వాళ్లు పది మంది, ఉర్దూ వాళ్లు పది మంది, హిందీ మాట్లాడే కూలీల పిల్లలు ఐదారుగురు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల 'కళ' అని చూపిస్తే 'కల' అంటుంది. ఇంటి భాషలో 'ళ' లేదు కాబట్టి ఆ తేడా చెవికే వినబడదు. పది సార్లు రాయించినా రాదు. ముందు వినిపించాలి. కల, కళ పక్కపక్కన పలికి, ఎప్పుడు మారిందో చెయ్యెత్తమనాలి. చెయ్యి సరిగ్గా లేవడానికే వారం పడుతుంది. ఆ తర్వాత నోటితో అనిపించాలి, అప్పుడు గానీ పలక మీద రాయించకూడదు. ఇదంతా ఏ కాలమ్‌లో రాయమంటారు?

జిల్లా లిస్టులో హైస్కూల్ స్కూల్ అసిస్టెంట్ల పేర్లే నిండుగా ఉంటాయి. మా వంతు వచ్చేసరికి, ఎస్‌జీటీ (ప్రైమరీ టీచర్ల) కోటాలో ఒకరిద్దరు.

సైదాబాద్_పేరెంట్
మేడమ్ చెప్పింది నిజం. మా పిల్లలకి చదవడం నేర్పిన టీచర్ పేరు ఎక్కడా రాదు.

సర్వీస్‌బుక్
అక్కా, కోటా ఉండాలని నేనూ అంటాను. ఎస్‌జీటీలకి, లాంగ్వేజ్ పండిట్లకి, పీఈటీలకి, ఉర్దూ మీడియంకి, హెచ్‌ఎంలకి వేరువేరుగా ఉండాలి. ఉన్నది పెంచమని అడుగుదాం.

కానీ ఫైల్ పనికిరాదంటే ఒప్పుకోను. ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ చూడండి. ఎనిమిదో తరగతి పిల్ల పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000, నాలుగేళ్లకి 48,000. పరీక్షలో మెంటల్ ఎబిలిటీ 90, సబ్జెక్టులు 90. చదివించడం సగం పనే. ఆదాయం మూడున్నర లక్షలు దాటలేదని సర్టిఫికెట్ కావాలి, దానికి తండ్రి ఒక రోజు కూలి పోగొట్టుకుని మీసేవకి వెళ్లాలి. బ్యాంకు ఖాతా తెరవాలి. ఎక్కువమంది దెబ్బతినేది పేరు దగ్గర. స్కూల్ రికార్డులో ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకోటి. పిల్ల ఎంపికయ్యాక కూడా డబ్బు ఆగిపోతుంది. అప్లికేషన్ పెట్టేముందే రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఆధార్ సవరణ చేయించే టీచర్ ఉంటారు. ఆ పని ఎవరైనా వచ్చి క్లాసులో కూర్చుని చూస్తే కనబడుతుందా? ఎంతమంది రాశారు, ఎంతమంది ఎంపికయ్యారు, ఎంతమంది ఖాతాలో డబ్బు పడింది, ఈ మూడు అంకెలు ఫైల్‌లోనే కనబడతాయి.

చాక్‌పీస్_ముక్క
ఇది ఒప్పుకుంటాను. ఆ మూడో అంకె అడగాలి, ఎవరూ అడగరు. కానీ ఇప్పటి ఫైళ్లలో అలాంటివి ఎన్ని? జాతీయ అవార్డు మార్కుల్లోనూ ఎక్కువ బరువు వినూత్న ప్రయోగాలు, సహపాఠ్య కార్యక్రమాలు, సమాజాన్ని కదిలించడం లాంటివాటికే. అవి మంచివే. కానీ బాగా రాయగలిగినవాళ్లకి అక్కడ లాభం. ఫైల్‌ని డీటీపీ సెంటర్‌లో రంగుల్లో కట్టించి ఇచ్చేవాళ్లున్నారు.

నేను అడిగేది ఒకటే. ఫైల్ వచ్చాక మనిషి వెళ్లాలి. చెప్పకుండా వెళ్లి రెండు పీరియడ్లు కూర్చోవాలి. పిల్లలందరూ ఒకే గొంతుతో జవాబు చెబుతుంటే మోసపోకూడదు, ముందు బెంచీ నలుగురు అంటే వెనకాల పెదాలు కదుపుతారు. విడిగా పది మందిని పిలిచి చదివించాలి, పాఠంలోది కాకుండా అదే స్థాయి కొత్త పేరా ఇవ్వాలి. బొమ్మ మూసేయాలి. మొదటి లైను కంఠతా ఉంటుంది కాబట్టి నడిమి లైనులో వేలు పెట్టి అక్కణ్నుంచి చదవమనాలి. 'అమ్మ' చదివిన పిల్ల 'నిమ్మ' దగ్గర ఆగితే ఒత్తు రాలేదని, పదం గుర్తుపట్టిందంతేనని అర్థం. అప్పుడు టీచర్ దగ్గరున్న జూన్, జూలై నాటి బేస్‌లైన్ షీట్ (ఏడాది మొదట్లో ఎవరికి ఏం వచ్చో రాసినది) తీసి అదే పిల్ల పేరు ఎదురుగా చూడాలి. 2022-23లో తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కల పునాది కార్యక్రమం) మొదలైనప్పటి నుంచి ఒకటి నుంచి ఐదు దాకా ఈ షీట్లు రాస్తూనే ఉన్నాం కదా. అక్కగారు అడిగిన పట్టిక ఇదే.

సర్వీస్‌బుక్
అంటే ఇంకో ఇన్‌స్పెక్షన్. ఎఫ్ఆర్ఎస్‌లో ముఖం చూపించి హాజరు వేసుకుంటున్నాం, మధ్యాహ్న భోజనం లెక్క పంపుతున్నాం, ఓటర్ల లిస్టు, సర్వేలు. ఇప్పుడు అవార్డు పేరుతో మా పిల్లల్ని నిలబెట్టి మాకు పరీక్ష పెడతారా? ఇది టీచర్ మీద నమ్మకం లేకపోవడం. ఎప్పుడూ బడి గడప తొక్కనివాళ్లు మాట్లాడే మాట.

చాక్‌పీస్_ముక్క
గడప తొక్కానో లేదో వదిలేయండి. అడిగినదానికి జవాబు చెప్పండి. పిల్ల చదవగలదో లేదో చూడకుండా ఉత్తమ ఉపాధ్యాయుడని ఎలా తేలుస్తారు? మీకు కావాల్సింది అవార్డు కాదు, సీనియారిటీ లిస్టు.

సర్వీస్‌బుక్
అవును, సీనియారిటీయే అనుకోండి! ఇరవై ఎనిమిదేళ్లు చాక్‌పీస్ పొడి పీల్చిన మనిషికి, సొంత భవనం కూడా లేని బడిలో, ఒకే ఆవరణలో మూడు స్కూళ్లు నడిచే చోట, మరుగుదొడ్డి తాళం కోసం కూడా పక్క స్కూల్ హెచ్‌ఎంని అడుక్కుంటూ పనిచేసిన మనిషికి, రిటైరయ్యే ముందు కలెక్టర్ చేతుల మీదుగా ఒక శాలువా కప్పితే ఏం పోయింది? వాళ్ల క్లాసులో పది మందిలో ఆరుగురే చదివారని ఆ శాలువా ఆపుతారా?

ఎస్‌జీటీ_అక్క
ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు సార్.

చాక్‌పీస్_ముక్క
ఇప్పుడు అర్థమైంది. మీరు చెప్పేది గౌరవం. నేను చెప్పేది వెతుకులాట. ఫలానా టీచర్ కల, కళ ఎలా విడదీసి నేర్పుతున్నారో పట్టుకుని, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో మిగతా యాభై మందికి చూపించడానికి అవార్డు అంటాను. మీరు బతుకంతా మోసిన బరువుకి అవార్డు అంటారు. ఆ శాలువా వద్దని నేను అనను. దాన్ని సేవా సన్మానమని పిలిచి, రిటైరయ్యే ఏడాది ప్రతి ఒక్కరికీ కప్పండి, అప్లికేషన్ అక్కర్లేదు, సర్వీస్ బుక్ చాలు. ఉత్తమ అనే మాట మాత్రం దానికి వాడొద్దు.

సర్వీస్‌బుక్
ప్రతి ఒక్కరికీ కప్పితే దానికి విలువ ఉండదు, మీకూ తెలుసు. నా అభిప్రాయం మారలేదు. కానీ పిల్లల్ని చదివించి చూడటం అనే మాటకి వస్తే, ఆ పది మందిని ఎవరు ఎంచుతారు? హెచ్‌ఎం ఎంచితే చదివేవాళ్లే వస్తారు. ఆఫీసర్ ఎంచితే కావాలని వెనకబడినవాళ్లని తీస్తారు.

చార్మినార్_గల్లీ
రోల్ నంబర్లు చీటీలు రాసి డబ్బాల ఏయుండ్రి. పిల్లలతోనే తీయించుండ్రి. అమ్మ ఆదర్శ కమిటీ తల్లి ఒకామె పక్కన కూసుంటది.

సైదాబాద్_పేరెంట్
ఆ రోజు బడికి రాని పిల్ల నంబర్ వస్తే? మార్చి వేరే చీటీ తీస్తారా?

ఎస్‌జీటీ_అక్క
తీయొద్దు. సంక్రాంతికి ఊరెళ్లి ఫిబ్రవరి దాకా రాని పిల్లలే మా అసలు కష్టం. ఆ నంబర్‌ని అలాగే ఉంచి, ఆ పిల్ల ఎన్నాళ్లుగా రావడం లేదు, ఎందుకు రావడం లేదు, ఇంటికి ఎన్నిసార్లు ఫోన్ చేశారు అని టీచర్‌ని అడగాలి. రిజిస్టర్ తెరవకుండా చెప్పగలిగితే ఆ చీటీకి పూర్తి మార్కులు వేయండి.

సర్వీస్‌బుక్
ఇదొక్కటి ఒప్పుకుంటాను అక్కా. ఇది ఫైల్‌లో దొరకదు.